స్పానిష్ జంట పదాలు: అపోహలు - వాస్తవాలు

స్పానిష్ నేర్పేటప్పుడు విద్యార్థులు కొత్త పదాల దగ్గర కన్నా, ఒకేలా అనిపించే జంట పదాల దగ్గరే ఎక్కువ తడబడటం చూస్తుంటాను. ఈ తడబాటు చాలావరకు ఇంగ్లిష్ మీదుగా నేర్చుకోవడం వల్ల వచ్చిందే.

అపోహ: ఇంగ్లిష్ 'be'కి స్పానిష్‌లో ఉన్న రెండు క్రియల్లో, శాశ్వతమైనవాటికి 'సేర్', తాత్కాలికమైనవాటికి 'ఎస్తార్'.

వాస్తవం: చనిపోయాడు అనడానికి 'ఎస్తా ముయెర్తో' అంటారు ('ఎస్తా' అనేది ఎస్తార్ రూపమే). మాద్రిద్ స్పెయిన్‌లో ఉంది అనడానికీ 'ఎస్తా'నే. నిమిషానికోసారి మారే టైమ్‌కేమో 'సేర్' వాడతారు. ఇక ఆ సూత్రం ఎక్కడ నిలిచినట్టు?

'ఎస్తార్' పుట్టింది 'నిలబడు' అనే అర్థమున్న లాటిన్ క్రియ నుంచి. అది చోటునూ స్థితినీ చెబుతుంది. ఎవరు, ఏమిటి, ఎలాంటివారు అన్నది 'సేర్' పని. ఇక్కడ తెలుగు మనకు గొప్ప ఆసరా. "ఆయన డాక్టర్" అంటాం, క్రియే ఉండదు: 'ఎస్ మేదికో' ('ఎస్' అనేది సేర్ రూపం). "ఇంట్లో ఉన్నారు" అంటాం: 'ఎస్తా ఎన్ కాసా'. 'ఎస్ లిస్తో' తెలివైనవాడు, 'ఎస్తా లిస్తో' సిద్ధంగా ఉన్నాడు. 'ఎస్ అబుర్రీదో' విసుగు పుట్టించేవాడు, 'ఎస్తా అబుర్రీదో' విసుగ్గా ఉన్నాడు. 'వాడు' వస్తే సేర్, 'గా ఉన్నాడు' వస్తే ఎస్తార్ అని మొదలుపెట్టండి. ఒక్క జాగ్రత్త: సభో, పెళ్లో ఎక్కడ జరుగుతుందో చెప్పేటప్పుడు, చోటే అయినా, సేర్ వస్తుంది.

అపోహ: 'పోర్', 'పారా' రెండూ 'కోసం'.

వాస్తవం: ఇక్కడ తెలుగు కూడా తప్పుదారి పట్టిస్తుంది, "నీకోసం" రెంటికీ సరిపోతుంది కాబట్టి. గమ్యం, గడువు, అందుకునే మనిషి ఉంటే పారా. 'వల్ల', 'బదులు', 'గుండా' అని మార్చి చూడండి, అతికితే పోర్. 'త్రబాహో పారా ఎల్' అంటే ఆయన దగ్గర పనిచేస్తున్నాను. 'త్రబాహో పోర్ ఎల్' అంటే ఆయన బదులు చేస్తున్నాను.

అపోహ: ఇంగ్లిష్‌లా వినిపిస్తే అర్థమూ అదే.

వాస్తవం: చాలాసార్లు అదే, అందుకే మిగతావి పట్టుబడవు. 'సోపా' సూప్, సబ్బు 'హబోన్'. 'ఎక్సితో' విజయం, బయటికి దారి 'సలీదా'. 'కార్పేతా' కాగితాలు పెట్టుకునే ఫైలు, తివాచీ కాదు.

అపోహ: అక్షరాల మీది గీతలు వదిలేసినా ఫర్వాలేదు.

వాస్తవం: 'ఆబ్లో'లో ఊనిక మొదట పడితే "మాట్లాడతాను". చివర పడితే "మాట్లాడాడు", అప్పుడు చివరి అక్షరం మీద గీత తప్పనిసరి. 'మాత్రమే' అనే అర్థంలో వచ్చే 'సోలో'కు గీత అక్కర్లేదని స్పానిష్ రాయల్ అకాడమీ 2010లో అంది. అర్థం తికమకయ్యే చోట రాసేవారు పెట్టుకోవచ్చని 2023లో స్పష్టం చేసింది. 'ఆబ్లో'కు ఆ వెసులుబాటు లేదు.