పొయ్యిలోకి పోయే ముక్కతో పెన్ను: అపోహలు, వాస్తవాలు

అపోహ: మంచి పెన్నుకు రోజ్‌వుడ్డో ఎర్రచందనమో కావాలి.

వాస్తవం: నేను ముక్కలు ఏరుకునేది వడ్రంగి కొట్టు వెనక కుప్పలో. ఐదంగుళాల పొడవు, ముప్పావు అంగుళం మందం ఉంటే చాలు. స్లిమ్‌లైన్ అనే పెన్ను విడిభాగాల కిట్‌లో వచ్చే 7 మిల్లీమీటర్ల ఇత్తడి గొట్టాలదే బలమంతా. లేత్ మీద చెక్కాక గొట్టం చుట్టూ మిగిలే చెక్క అంచుల దగ్గర మిల్లీమీటరు కూడా ఉండదు. తుమ్మ చేవ ఎర్రగా, గట్టిగా తేలుతుంది. వానకు నాని బూజు పట్టిన మామిడిలో ఒక్కోసారి సిరాతో గీసినట్టు నల్లగీతలుంటాయి. చింతమొద్దు నడుమ ఊదారంగు చేవ దొరికిందా, ఆ రోజు పండగే.

అపోహ: ఎన్నాళ్లుగానో పడున్న ముక్క, ఎండిపోయే ఉంటుంది.

వాస్తవం: నేనూ అలాగే అనుకున్నాను. సామిల్లు నుంచి తెచ్చిన తుమ్మతో పెన్ను చేసి మా వదినకిచ్చాను. వారానికి ఫోను: "అబ్బాయ్, దీనిమీద వెంట్రుకంత గీత పడిందేమిటి?" నెల తిరిగేసరికి ఆ గీతలో గోరు దిగుతోంది. ఆరేకొద్దీ చెక్క బిగుసుకుంటుంది, లోపలి ఇత్తడి మాత్రం తగ్గదు. ఇక చీలడమే దారి. ఇప్పుడు ముక్కల కొసలకు ఫెవికాల్ పూసి అటకెక్కిస్తాను, తేమ ముందు పోయేది కొసల్లోంచే కనక. వారానికోసారి వంటింటి కాటాలో తూచి, బరువు ముక్క మీదే పెన్సిల్‌తో రాస్తాను. నాలుగు వారాలు అదే అంకె వస్తేనే గొట్టం దూరే రంధ్రానికి డ్రిల్లు. ఇంట్లోవాళ్లకు నా మతి మీద అనుమానమే. డ్రిల్లు వేడెక్కినా చీలుతుంది, అందుకని కాస్త దిగగానే బయటికి తీసి పొట్టు దులపాలి.

అపోహ: మెరుపంతా పాలిష్‌దే.

వాస్తవం: ఉప్పుకాగితానిది. గరుకైన 150 నంబరు నుంచి నున్నని 600 దాకా వరసగా, ప్రతి నంబరు తర్వాతా లేత్ ఆపి నిలువుగా రుద్దాలి. ఏటికొప్పాకలో తిరిగే అంకుడు కర్రకు లక్క ఆనిస్తే రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది. చూడముచ్చటైన పని. కానీ శానిటైజర్ చేతులకు లక్క ఆగదు. పెన్నుకు నేను ఫెవిక్విక్ జాతి జిగురే పల్చగా ఆరేడు పూతలు వేస్తాను.

అపోహ: వేప ఔషధం, దాని పొట్టు ఏం చేస్తుంది?

వాస్తవం: చెక్క ధూళి క్యాన్సర్ కారకం. మాస్కు పెట్టుకోండి.

అపోహ: "చెత్త ముక్కే కదా, యాభైకివ్వు."

వాస్తవం: ముక్క ఊరికే వచ్చింది, నిజమే. ముక్క కావాలంటే ఊరికే ఇస్తాను.