ఆర్ట్ కిండర్‌గార్టెన్‌లో చేర్చాలా? తిరుపతి, చిత్తూరు తల్లిదండ్రుల అపోహలు - వాస్తవాలు

సంక్రాంతి దాటిందంటే తిరుపతిలోనూ చిత్తూరులోనూ సందుసందుకూ అడ్మిషన్ల ఫ్లెక్సీలు లేస్తాయి. ఈ మధ్య వాటి మీద ‘ఆర్ట్ బేస్డ్ లెర్నింగ్’ (కళల ద్వారా చదువు) అనే మాట ఎక్కువగా కనిపిస్తోంది. మూడేళ్ల బిడ్డకు బడి వెతికే అమ్మానాన్నలు దాన్ని చూసి కొందరు మురిసిపోతారు, కొందరు భయపడతారు. రెండూ తొందరపాటే. చిన్నపిల్లల తరగతుల్లో మట్టి, రంగులు, పాట, ఆటలతో పనిచేసేవాళ్లం కాబట్టి మాకు తెలిసింది రాస్తున్నాం. బోర్డు మీద ఏ మాట రాశారన్నది పక్కన పెట్టండి. ఏ రంగు వెయ్యాలి, ఏం గియ్యాలి, ఎప్పుడు ఆపాలి అని తేల్చేది బిడ్డా, టీచరా? బడిని ఎంచుకునేటప్పుడు మేం మొదట చూసేది అదే.

అపోహ: బొమ్మలేసుకుంటూ కూర్చుంటే అఆలు రావు, ఒకటో తరగతిలో వెనకబడతారు.

అన్నిటికన్నా ఎక్కువమందిని పట్టి పీడించే భయం ఇదే, అందుకే కాస్త వివరంగా చెప్తాం.

మన అక్షరాలు గుండ్రటివి. ‘అ’ రాయాలంటే చెయ్యి ఒక వంపు తిరిగి, మళ్లీ ఎదురు వంపు తిరిగి, గీత ఎత్తకుండా కావలసిన చోట ఆగాలి. మూడేళ్ల బిడ్డ సాధారణంగా చూసి గియ్యగలిగే ఆకారం గుండ్రం ఒక్కటే. నాలుగేళ్లకు ప్లస్ గుర్తు వస్తుంది. చతురస్రం నాలుగున్నర దాటాక, త్రిభుజం సుమారు ఐదేళ్లకు. అంటే ఎల్‌కేజీ మొదట్లోనే ‘అ’ను పేజీ నిండా దిద్దించేటప్పుడు, చేతికి ఇంకా రాని పనిని బలవంతంగా చేయిస్తున్నామన్నమాట. ఏమవుతుంది? బిడ్డ పెన్సిల్‌ను పిడికిలితో బిగించి పట్టుకుంటుంది, కాగితం చిరిగేలా నొక్కుతుంది, అక్షరాన్ని కింద నుంచి పైకో, రెండు ముక్కలుగానో లాగడం అలవాటు చేసుకుంటుంది. ఆ అలవాటు రెండో తరగతిలో మాన్పించడం చాలా కష్టం.

మంచి ఆర్ట్ తరగతిలో ఇదే చేతిని వేరే దారిలో తయారు చేస్తారు. గోడకు కట్టిన పెద్ద కాగితం మీద బిడ్డ నిలబడి రంగు వేస్తుంటే భుజం, మణికట్టు బలపడతాయి. బంకమట్టి పిసికితే, చిటికెలతో తుంచితే వేళ్లకు పట్టు వస్తుంది. అరంగుళం క్రేయాన్ ముక్క ఇస్తే పిడికిలితో పట్టుకునే వీలే ఉండదు, మూడు వేళ్ల పట్టు దానంతటదే వస్తుంది. అందుకే విరిగిన క్రేయాన్లు పారేసే బడి కంటే వాటిని డబ్బాలో దాచుకునే బడి నయం. ఇక మెలికల ముగ్గు సంగతి. తడిపిన ఇసుకలోనో, గచ్చు మీద సుద్దముక్కతోనో చుక్కల చుట్టూ మెలిక తిప్పిన చేతికి తెలుగు అక్షరంలోని వంపు కొత్తగా అనిపించదు. మేమైతే రాతను సున్నాతో మొదలుపెట్టి, తర్వాత ‘ర’, ‘గ’ వంటివాటికి వెళ్తాం, ‘అ’ను ఆ పైన తీసుకుంటాం. అక్షరాభ్యాసం నాడు పలక మీద దిద్దించారా, సంతోషం. అది శుభకార్యం. మర్నాటి నుంచి రోజూ నాలుగు పేజీల హోంవర్క్ అక్కర్లేదు.

2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు నిర్ణీత పాఠ్యపుస్తకాలు వద్దనే చెప్తోంది. సౌందర్య, సాంస్కృతిక వికాసాన్ని భాష, ఆలోచనాశక్తులతో పాటు ఒక ముఖ్య రంగంగా పెట్టింది.

అలాగని భయమంతా అబద్ధం కాదు. రంగులు మాత్రమే చూపించి భాషను గాలికి వదిలేసే బడులు ఉన్నాయి. అక్కడి పిల్లలు మామూలు బడిలో ఒకటో తరగతికి వెళ్లినప్పుడు నిజంగానే తడబడతారు. కాబట్టి అడగండి: రోజూ కథ చదివి వినిపిస్తారా? మాటల్లో మొదటి శబ్దం, చివరి శబ్దం పట్టుకునే ఆటలు ఆడిస్తారా? బిడ్డ తన బొమ్మ గురించి చెప్పిన మాటను టీచరు బిడ్డ కళ్లముందే కింద రాస్తారా? యూకేజీ చివరికి ఏ అక్షరాలు, ఎంత లెక్క వచ్చి ఉండాలని పెట్టుకున్నారు? ఈ నాలుగింటికీ తడుముకోకుండా జవాబిస్తే దిగులు పడకండి. ఇంకో మాట. ఒకటో తరగతిలో చేర్చుకునేటప్పుడు బిడ్డకు గానీ తల్లిదండ్రులకు గానీ వడపోత పరీక్ష పెట్టకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ చెప్తోంది. ‘ఇంటర్వ్యూలో అడుగుతారు’ అని మూడేళ్ల నుంచే బట్టీ పట్టించక్కర్లేదు.

అపోహ: గోడల నిండా అందమైన బొమ్మలుంటే మంచి ఆర్ట్ బడి.

దగ్గరికెళ్లి చూడండి. ఇరవై ఏనుగులూ ఒకే సైజు, ఒకే బూడిదరంగు, తొండాలన్నీ ఒకే వైపు ఉన్నాయా? అయితే ఏనుగును గీసింది టీచరు, కత్తిరించింది ఆయమ్మ. బిడ్డ చేసిందల్లా గమ్ము పూసిన చోట దూది అంటించడం. ఆ పనిలో బిడ్డ ఆలోచించాల్సింది ఏమీ మిగల్లేదు. నిజంగా పిల్లలే వేసిన గోడ కాస్త గజిబిజిగా ఉంటుంది. ఒక ఏనుగుకు ఆరు కాళ్లుంటాయి, ఒకటి కాగితం దాటి బయటికి పోతుంది, ఒకటి అసలు ఏనుగులాగే ఉండదు. కింద పేరు, తేదీ, బిడ్డ చెప్పిన వాక్యం ఉంటాయి. ఆ తేదీలే అసలు విలువైనవి. జూన్ బొమ్మనూ నవంబరు బొమ్మనూ పక్కపక్కన పెడితే బిడ్డ ఎంత ఎదిగిందో తెలుస్తుంది.

బడిని ఓపెన్ డే రోజు కాకుండా మామూలు పనిరోజు, పదిన్నర ప్రాంతంలో చూడండి. చేతులు కడుక్కునే కుళాయి బిడ్డ ఎత్తులో ఉందా? తడి బొమ్మలు ఆరేసుకునే తీగ ఉందా? కాగితం కనీసం ఏ3 సైజు ఉందా? ఈ వయసులో గీత భుజం నుంచి వస్తుంది, చిన్న కాగితంలో అది ఇమడదు. కుంచెలు లావుగా, పొట్టిగా ఉండాలి. ఎడమచేతి పిల్లలకు వేరే కత్తెర ఉండాలి. రంగులు ఎరుపు, పసుపు, నీలం, తెలుపు ఉంటే చాలు. పన్నెండు రంగుల డబ్బా ముందు పెడితే కలిపి చూసే అవసరమే రాదు.

టైం టేబుల్ కూడా అడగండి. 35 నిమిషాల ఆర్ట్ పీరియడ్ అంటే సర్దడానికి పది, కడగడానికి పది పోగా పనికి మిగిలేది పావుగంట. తెగకుండా ముప్పావుగంట ఇస్తేనే బిడ్డ ఒక బొమ్మలోకి దిగుతుంది. 2013 జాతీయ శిశుసంరక్షణ, విద్యా విధానం ప్రకారం 3–6 ఏళ్ల పిల్లలు ఇరవైమందికి ఒక పెద్దమనిషి ఉండాలి. తడి రంగుల దగ్గరైతే ఒక విడతలో పదిమందికి మించితే ఎవరి పనీ సాగదు.

అపోహ: యాన్యువల్ డే ఎంత ఘనంగా చేస్తే అంత కళ ఉన్నట్టు.

స్టేజీ మీద నాలుగు నిమిషాల సినిమా పాటకు నెలరోజులు ఒకే స్టెప్పు వేయించడంలో ఉన్నది కసరత్తు. ఆ నెలంతా మట్టీ రంగులూ బీరువాలోనే ఉంటాయి. మూడు, నాలుగేళ్ల పిల్లలకు నలుగురితో కలిసి తాళం తప్పకుండా వేయడం ఇంకా కుదరదు. ఐదేళ్లకు మెల్లగా వస్తుంది. చెక్కభజన, కోలాటం మన సీమవే. వాటిని గుండ్రంగా నిలబడి, నెమ్మది నడకలో, చప్పట్లతో మొదలుపెట్టి రోజూ పది నిమిషాలు ఆడిస్తే లయ దానంతటదే కుదురుకుంటుంది. రిహార్సల్ ఎన్నాళ్లు, డ్రెస్ ఖర్చు ఎంత, స్టేజీ ఎక్కనన్న బిడ్డను ఏం చేస్తారు అని ముందే అడిగి తెలుసుకోండి. మూడో ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి ఆ బడి స్వభావం చాలావరకు అర్థమవుతుంది.

అపోహ: మావాడికి డ్రాయింగ్ రాదు, వాడికి ఇలాంటి బడి దండగ.

రెండేళ్ల బిడ్డ పిచ్చిగీతలు గీస్తుంది. మూడు దాటాక గుండ్రం మూసుకుంటుంది. నాలుగేళ్లకు ఆ గుండ్రం నుంచే కాళ్లు, చేతులు మొలుస్తాయి, ఒళ్లు ఉండదు. అది పొరపాటు కాదు, దాదాపు పిల్లలందరూ దాటే మెట్టు. ఆ దశలో పెద్దలు ‘మనిషి ఇలా ఉంటాడు చూడు’ అని గీసి చూపిస్తే, మర్నాటి నుంచి ‘నాకు రాదు, నువ్వే వెయ్యి’ అనడం మొదలవుతుంది. ‘ఏంటిది?’ అని అడగడం కన్నా ‘ఇక్కడ ఎర్రరంగు చాలా గట్టిగా పూశావే’ అని కంటికి కనిపించింది చెప్పండి, కబుర్లు వాటంతటవే వస్తాయి.

మగపిల్లలకు డాన్సు, వేషం ఎందుకని అడిగేవాళ్లూ ఉన్నారు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకుని అమ్మవారికి మొక్కు తీర్చుకునే ఊరు మనది. మన దగ్గర ఆ ప్రశ్నకు చోటు లేదు.

అపోహ: ఇంపోర్టెడ్ కిట్లు లేకపోతే ఆర్ట్ నేర్పలేరు.

మెటీరియల్ ఫీజు పేరుతో పెద్ద మొత్తం అడిగితే జాబితా చూపించమనండి. అసలు కావలసినవి చెరువు బంకమట్టి, న్యూస్‌పేపర్లు, సుద్దముక్కలు, పాత బట్ట, అట్టపెట్టెలు. బంకమట్టిని నానబెట్టి, రాళ్లూ గాజుముక్కలూ పోయేలా పల్చటి గుడ్డలో వడగట్టి, తేరాక నీళ్లు వంపి, చేతికి అంటుకోనంత వరకు ఆరనివ్వాలి. తర్వాత తడిగుడ్డ చుట్టి మూతడబ్బాలో పెడితే వారాలు నిలుస్తుంది. వడగట్టడం మానేస్తే వేళ్లు తెగుతాయి.

పిండి ముద్దకు రెండు గ్లాసుల మైదా, ఒక గ్లాసు సన్న ఉప్పు, రెండు పెద్ద చెంచాల నూనె, ముప్పావు గ్లాసు నీళ్లు. నీళ్లు ఒకేసారి పోస్తే జిగురవుతుంది, కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. మన ఏప్రిల్ ఎండలకు పూటలో పెచ్చు కడుతుంది. వానాకాలం ఉప్పు తేమ పీల్చి చేతికి అంటుకుంటుంది, చిటికెడు పొడిపిండి చల్లితే సరి. వాసన మారినా, బూజు కనిపించినా పారేయాలి. అంత ఉప్పున్న ముద్దను బిడ్డ ఎక్కువగా తింటే ప్రమాదం. నోట్లో పెట్టుకునే వయసు పిల్లల దగ్గర కాపలా లేకుండా వదలకూడదు.

శ్రీకాళహస్తి మనకు పక్కనే ఉంది. కలంకారీ కలం అంటే చెక్కిన వెదురుపుల్లకు గుడ్డో ఉన్నో చుట్టి దారంతో బిగించింది. అద్దకం నీళ్లలో ముంచి, ఆ ముద్దను వేళ్లతో నొక్కితే మొన దగ్గరికి రంగు దిగుతుంది. ఇదే కలాన్ని కాస్త లావుగా, మొన మొద్దుగా చేసి, పసుపు నీళ్లతో ఐదేళ్ల పిల్లలకు ఇవ్వచ్చు. గట్టిగా నొక్కితే మరక, మెల్లగా నొక్కితే సన్నగీత. వేళ్లకు ఇంతకన్నా మంచి సాధన లేదు. పసుపు గీత ఆరాక దాని మీద సబ్బునీళ్ల కుంచె పెడితే ఎర్రబడుతుంది, పిల్లలు ‘ఎందుకు?’ అని అడుగుతారు, సైన్సు పాఠం అక్కడే మొదలవుతుంది. పాత ఇనుము, బెల్లం ఊరబెట్టిన నల్లరంగు మాత్రం పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. ముగ్గుల రంగుపొడులనూ తరగతిలో వాడకూడదు, ఆ దుమ్ము ఊపిరిలోకి పోతుంది. బడి కొనే బొమ్మల మీద ఐఎస్‌ఐ గుర్తు చూడండి. 14 ఏళ్ల లోపు పిల్లల ఆటబొమ్మలకు 2021 జనవరి 1 నుంచి అది తప్పనిసరి.

అపోహ: మాంటిస్సోరి, వాల్డార్ఫ్, రెజియో అన్నీ ఆర్ట్ బడులే.

ఇవి మూడూ వేర్వేరు బోధనా పద్ధతులు, ఒకటి కావు. మాంటిస్సోరి 1907లో రోమ్‌లో మొదలైంది. అక్కడ ప్రధానం క్రమంగా అమర్చిన పరికరాలతో బిడ్డ ఒంటరిగా చేసే పని. ఆ పద్ధతిని తెచ్చిన మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చారు కాబట్టి ఆ పేరు మన వైపు బాగా పాకింది. వాల్డార్ఫ్ 1919లో జర్మనీలో పుట్టింది. ఊహ, కథ, చేతిపని ఎక్కువ, చదవడం ఆలస్యం. రెజియో ఎమిలియా ఇటలీ ఊరి పేరు. అక్కడి బడుల్లో వర్క్‌షాపు గది, దానికో కళాకారుడు ఉంటారు. ఏ పేరు చెప్పినా, టీచర్లు ఎక్కడ ఎన్నాళ్లు శిక్షణ పొందారో అడగండి.

అపోహ: సంగీతం వినిపిస్తే లెక్కల బుర్ర పెరుగుతుంది.

ఈ మాటకు మూలం 1993లో పాశ్చాత్య స్వరకర్త మొజార్ట్ సంగీతం వినిపించి చేసిన ప్రయోగం. అది కాలేజీ విద్యార్థుల మీద చేసింది. ప్రభావం పావుగంటకు మించి నిలవలేదు. పాట పాడించడానికి పాటే చాలినంత కారణం.

అపోహ: అన్నీ ఇంగ్లీషులో చెప్తేనే మోడరన్ ఆర్ట్ బడి.

తన బొమ్మ గురించి బిడ్డ ఆగకుండా మాట్లాడేది ఇంటి భాషలోనే. నగరి, కుప్పం వైపు అది చాలా ఇళ్లలో తమిళం, కొన్ని ఇళ్లలో ఉర్దూ. తెలుగు మాట్లాడితే జరిమానా వేసే చోట రంగులెన్ని ఉన్నా బిడ్డ ‘రెడ్, బ్లూ’ దగ్గరే ఆగిపోతుంది.

అపోహ: ఒకసారి చేర్చాక మార్చకూడదు.

ఆరు వారాలు చూడండి. మొదటి రెండు వారాల ఏడుపు సహజం. ఆ తర్వాత కూడా బట్టలకు ఒక్క మరకా లేకుండా, రోజూ రంగు నింపిన జిరాక్సు పేజీలతోనే ఇంటికొస్తుంటే టీచరుతో మాట్లాడండి. మార్పు రాకపోతే దసరా సెలవుల తర్వాత వేరే చోట చేర్చడంలో నష్టం లేదు. అంగన్‌వాడీలోనూ మంచి కార్యకర్త ఉంటే వెనకాడకండి, అక్కడ 3–6 ఏళ్ల పిల్లలకు ప్రీస్కూలు ఉచితం. మారేటప్పుడు పాత బడి నుంచి బిడ్డ బొమ్మల ఫైలు, తేదీలతో సహా, అడిగి తీసుకెళ్లండి. కొత్త టీచరుకు ఏ మార్కుల కాగితమూ అంత పనికిరాదు.