నెలసరి నొప్పికి 'విజయ' చుక్కలు

కడప, అనంతపురం వైపు గంజాయి అంటే గుంతకల్లు రైళ్లలో పట్టుబడే ప్యాకెట్లు, జిల్లా పేజీలో ముసుగులేసి నిలబెట్టిన కుర్రాళ్ల ఫోటో. అదే మొక్క ఇప్పుడు ఆడవాళ్ల ఫోన్లలోకి ఇంకో వేషంలో వస్తోంది. నెలసరి నొప్పికి, నిద్రకు, టెన్షన్‌కు మంచిదంటూ ప్రకటనలు. ప్రొద్దుటూరులో ఉండే మా పెద్దమ్మ కూతురు అలాంటిదొకటి పంపి అడిగింది: "ఇది గంజాయేనంట గదా మే, తెప్పించుకుంటే పోలీసోళ్లు పట్టుకోరా?"

ఫోటోను పెద్దది చేసి చూశాను. వేలెడంత గోధుమరంగు సీసా, మూతకే డ్రాపర్. పదార్థాల్లో 'విజయ పత్ర సారం' అని ఉంది. ఆయుర్వేదంలో గంజాయి మొక్కకు అదొక పేరు. జాతీఫలాది చూర్ణం లాంటి పాత మందుల్లో ఈ ఆకు ఎప్పట్నుంచో ఉంది, అదీ ఎక్కువగా విరేచనాలు తగ్గడానికి. అడుగున చిన్న అక్షరాల్లో, వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఇంగ్లీషులో, హిందీలో. తెలుగులో లేదు. తప్పు కంపెనీది కాదు. ఆ రెండు భాషల్లో ఉంటే చాలంటాయి ఔషధ నిబంధనలు. ప్రకటన మాత్రం చక్కటి తెలుగులోనే ఉంది.

పోలీసుల సంగతికొస్తే, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయి అని పిలిచేది పూత, కాయ ఉన్న కొనలనే. విడిగా ఉన్న ఆకు, గింజ దాని కిందికి రావు. కాబట్టి లైసెన్సుతో తయారైన ఆకు మందును డాక్టరు చీటీ మీద కొంటే ఆ చట్టం కింద నేరం కాదు. ఎవరో తెచ్చిచ్చిన ఎండు పూతను నొప్పికోసమని డబ్బాలో దాచుకుంటే మాత్రం నేరమే. ఇక హెంప్ సీడ్ ఆయిల్ అని అమ్మేది వేరే సరుకు. గింజలను, గింజ నూనెను 2021లో ఆహార భద్రతా సంస్థ తిండి పదార్థాలుగా ఒప్పుకుంది. అది మన సెనక్కాయ నూనె లాంటి నూనె, అంతే. నొప్పి మీద పనిచేస్తాయనే పదార్థాలు అందులో లేనట్టే.

మరి ఆకు మందు పనిచేస్తుందా?

నెలసరి వేళకు గర్భసంచి లోపలి పొర ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలను వదులుతుంది. కండరం బిగుసుకుంటుంది, రక్తం అందడం తగ్గుతుంది, నొప్పి మొదలవుతుంది. మెడికల్ షాపులో దొరికే మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్ ఆ రసాయనాల తయారీకే అడ్డుపడతాయి. గంజాయి దారి వేరు. అందులో మత్తు కలిగించే టీహెచ్‌సీని 1964లో ఇజ్రాయెల్‌లో రాఫెల్ మెషూలమ్, యెహియెల్ గావోని విడదీశారు. అది వెళ్లి అతుక్కునే గ్రాహకం తాలూకు జన్యువు 1990లో దొరికింది. ఎక్కడో పెరిగే మొక్క కోసం మన ఒంట్లో గ్రాహకమెందుకు? 1992లో జవాబొచ్చింది: అలాంటి పదార్థాన్ని ఒళ్లే తయారు చేసుకుంటోంది. దానికి ఆనందమైడ్ అని పేరు పెట్టారు. ఈ గ్రాహకాలు మెదడులోనే కాదు, అండాశయంలోనూ గర్భసంచిలోనూ ఉన్నాయి.

ఆడవాళ్ల లెక్క వేరయ్యేది ఇక్కడే. రక్తంలో ఆనందమైడ్ నెలంతా ఒకేలా ఉండదు; అండం విడుదలయ్యే రోజుల్లో పెరిగి, తర్వాత తగ్గుతుంది. ఆడ ఎలుకల్లో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను ఎక్కువగా ఉన్నప్పుడు టీహెచ్‌సీ నొప్పిని బాగా తగ్గించింది. కానీ మగ ఎలుకల కన్నా అవే త్వరగా అలవాటుపడ్డాయి, మందు పనితనం తగ్గిపోయింది. మనుషుల్లో కూడా, మొదలుపెట్టాక వదల్లేని స్థితికి చేరడానికి ఆడవాళ్లకు తక్కువ కాలం పడుతుందని చూశారు. అందుకే అందరికీ ఒకే కొలత రాసిన సీసా నాకు మింగుడుపడదు. జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర ఆడవాళ్ల ఒంట్లోంచి నెమ్మదిగా బయటికి పోతుందని, 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వాళ్ల డోసును 10 మిల్లీగ్రాముల నుంచి 5కి దించింది. అప్పటికే ఆ మాత్ర అక్కడ ఇరవై ఏళ్లుగా అమ్ముడవుతోంది!

ఉపశమనం ఉందన్న మాట కొత్తది కాదు. విక్టోరియా రాణి వైద్యుడు రసెల్ రేనాల్డ్స్ 1890లోనే లాన్సెట్ పత్రికలో నెలసరి నొప్పికి గంజాయిని మెచ్చుకున్నాడు. (రాణి కూడా వాడిందన్న కథకు ఆధారం లేదు.) ఈమధ్య ఆస్ట్రేలియాలో ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు ఉన్న మహిళల సర్వేలో, గంజాయి వాడినవాళ్లు దానికి పదికి 7.6 మార్కులిచ్చారు. మంచి మార్కులే. అయితే నచ్చక మానేసినవాళ్లు అలాంటి లెక్కల్లో తక్కువగా కనిపిస్తారు, ఉత్తుత్తి మందుతో పోల్చి చూసిందీ లేదు.

గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం బయట పెరగడమే ఎండోమెట్రియోసిస్. పిల్లల్ని కనే వయసులో పదిమందిలో ఒకరికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. బయటపడటానికి 4 నుంచి 12 ఏళ్లు పట్టొచ్చు. మన వైపు "పెళ్లయితే పోతాది", "ఒక కాన్పయితే సర్దుకుంటాది" అంటూ ఇంకొన్నేళ్లు కలుపుతాం. ఆ ప్రకటన పంపిన మా అక్కకు రెండు కాన్పులయ్యాయి. బయటున్నన్ని రోజులూ వాము నీళ్లు తాగి ముడుచుకుని పడుకుంటుంది. ఇంతవరకు ఒక్క స్కాన్ తీయించలేదు. చుక్కలతో నొప్పి అణిగితే ఆ స్కాన్ ఇంకా వెనక్కి పోతుందనేదే నా భయం. నొప్పి మొదలవగానే వేసుకునే మాత్రకు, పొత్తికడుపు మీద వేడినీళ్ల బ్యాగుకు పరీక్షల్లో నిలిచిన ఆధారాలున్నాయి. వాటికీ లొంగకపోతే గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లాల్సిందే, కడప రిమ్స్ అయినా సరే, ప్రైవేటు అయినా సరే.

అయినా వాడాలనుకునేవాళ్లు ఒకటి గమనించాలి. నోటితో తీసుకున్నది పొగలా వెంటనే ఎక్కదు. లివర్‌లో టీహెచ్‌సీ ఇంకో రూపానికి మారి, అరగంట నుంచి రెండు గంటల తర్వాత బలంగా పట్టుకుంటుంది. ఏమీ కాలేదనుకుని మళ్లీ నాలుగు చుక్కలు వేసుకున్నవాళ్లకే గుండెదడ, కంగారు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు వేవిళ్లకైనా నిద్రకైనా దీని జోలికి పోకూడదు. టీహెచ్‌సీ మావిని దాటి బిడ్డను చేరుతుంది. వాడిన తల్లులకు తక్కువ బరువు బిడ్డలు పుట్టడం ఎక్కువగా కనిపించింది. తల్లిపాలలో ఆరు రోజుల దాకా దీని జాడ దొరికింది. మూర్ఛకు క్లోబజామ్, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు కూడా డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టకూడదు. ఈ మొక్కలోనే ఉండే సీబీడీ, లివర్‌లో ఆ మందులను విరగ్గొట్టే ఎంజైములను అడ్డుకుంటుంది. అప్పుడు రోజూ వేసుకునే మాత్రే రక్తంలో పేరుకుపోతుంది.