ఆగిపోయిన గడియారాన్ని చూసి సమయం తెలుసుకోవచ్చా?

ఒక గోడ గడియారం నిన్న మధ్యాహ్నం 3.20కి ఆగిపోయింది. ఆ సంగతి ఎరగని ఒక మనిషి ఈ రోజు దాన్ని చూసి, సమయం 3.20 అయిందని నమ్మాడు. ఆ క్షణంలో నిజంగానే సమయం 3.20. అతని నమ్మకం నిజమైనదే. ఎన్నడూ తప్పు చూపని గడియారాన్ని చూసి నమ్మాడు కనుక దానికి తగిన ఆధారమూ ఉంది. అయినా అతనికి సమయం తెలుసునని అనడానికి మనసొప్పదు.

జ్ఞానమంటే తగిన ఆధారం గల నిజమైన నమ్మకమనే నిర్వచనాన్ని ప్లేటో పేరు మీద బోధించడం పరిపాటి. దానికి దగ్గరి రూపాన్ని ప్లేటో ‘థియెటీటస్’లో పరిశీలించిన మాట వాస్తవమే గాని, ఆ సంభాషణ చివరకు దాన్ని తోసిపుచ్చుతుంది. ఈ రెండో సగాన్ని విద్యార్థులకు చెప్పకుండా వదిలేయడం అన్యాయమని నా అభిప్రాయం. 12వ శతాబ్దంలో శ్రీహర్షుడు ‘ఖండనఖండఖాద్యం’లో నైయాయికుల (న్యాయ దర్శన పండితుల) నిర్వచనాలను ఇలాగే నిలదీశాడు: పిడికిట్లో ఎన్ని గవ్వలున్నాయని అడిగినప్పుడు ఊహించి ‘ఐదు’ అన్నవాడి మాట నిజమే అయినా, దాన్ని జ్ఞానమంటామా? జోస్యం ఫలించినంత మాత్రాన చెప్పినవారికి ముందే తెలుసునని వాదించేవారికి ఇవ్వదగిన సమాధానం ఇదే. ఆగిన గడియారాన్ని బెర్ట్రాండ్ రస్సెల్ 1948లో ఉదాహరించాడు. ఆధారం తోడైనా నిర్వచనం నిలవదని 1963లో ఎడ్మండ్ గెటియర్ మూడు పేజీల వ్యాసంలో తేల్చాడు.

ఆ తరువాత మరమ్మతులు మొదలయ్యాయి. నమ్మకం అబద్ధం మీద ఆధారపడకూడదన్నది వాటిలో ఒకటి. ‘గడియారం నడుస్తోంది’ అన్నది అబద్ధం కనుక మన మనిషికి జ్ఞానం లేదని ఈ షరతు చక్కగా చెబుతుంది. అయితే ఉదాహరణను కొంచెం మారుద్దాం. హాలులో ఇరవై గడియారాలున్నాయి, పందొమ్మిది ఆగిపోయాయి, అతని చూపు అనుకోకుండా నడుస్తున్న ఒక్కదాని మీదే పడింది. ఇక్కడ అబద్ధమేదీ లేదు. గడియారం సక్రమంగా నడుస్తోంది, దాన్ని చూసే అతను నమ్మాడు. కానీ పక్కదాన్ని చూసి ఉంటే మోసపోయేవాడు. ఈ తరహా చిక్కును 1976లో చర్చకు పెట్టిన ఆల్విన్ గోల్డ్‌మన్, 1967లో తాను ప్రతిపాదించిన, నమ్మకానికి ఆ విషయమే కారణం కావాలనే ‘కారణ సిద్ధాంతాన్ని’ దాటి ముందుకు వెళ్లవలసి వచ్చింది.

1981లో రాబర్ట్ నోజిక్ మరింత పదునైన షరతు పెట్టాడు: విషయం నిజం కాకపోయి ఉంటే, ఆ మనిషి దాన్ని నమ్మి ఉండకూడదు. ఆగిన గడియారం నాలుగింటికి కూడా 3.20 అనే చూపుతుంది కనుక ఈ షరతుకు అది వెంటనే దొరికిపోతుంది. ఇదే షరతును, మనకు నిజంగా ఏమైనా తెలుసా అని నిలదీసే సంశయవాది ప్రశ్నకు వర్తింపజేసి చూడండి. నేను తొట్టెలో తేలుతూ, తీగల ద్వారా అనుభవాలు అందుకుంటున్న వట్టి మెదడునే అయితే, అప్పుడు కూడా అలాంటి మెదడును కాననే నమ్ముతాను. ఎదుట బల్ల లేకపోయి ఉంటే మాత్రం అది ఉందని నమ్మను. కాబట్టి ఎదుట బల్ల ఉందని నాకు తెలుసు గాని, నేను తొట్టెలోని మెదడును కానని నాకు తెలియదు. నోజిక్ ఈ వింత ఫలితాన్ని తప్పించుకోకుండా అంగీకరించాడు.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది 1994లో లిండా జాగ్‌జెబ్‌స్కీ చూపిన సూత్రం. మంచి ఆధారమున్నా దురదృష్టవశాత్తూ తప్పిపోయే నమ్మకాన్ని ఒకదాన్ని తీసుకుని, దాన్ని అదృష్టంతో నిజం చేస్తే చాలు. గడియారం ఆగడం దురదృష్టం, సరిగ్గా 3.20కే చూడడం అదృష్టం. ఆధారానికీ సత్యానికీ మధ్య వెంట్రుకవాసి సందున్నా ఏ నిర్వచనాన్నైనా ఇలా పడగొట్టవచ్చు. సందును పూర్తిగా మూసి, సత్యానికి హామీ ఇచ్చే ఆధారమే ఆధారమంటే, నడుస్తున్న గడియారాన్ని చూసినవాడికి కూడా సమయం తెలియదనవలసి వస్తుంది. సంశయవాది కోరేది సరిగ్గా అదే. నిర్వచనం కుదరకపోవడమూ, సంశయవాదం వీడకపోవడమూ ఒకే సందులోంచి పుట్టిన చిక్కులు.

2017లో ఎడ్వర్డ్ మషెరీ బృందం బ్రెజిల్, భారత్, జపాన్, అమెరికా ప్రజల ముందు ఇలాంటి కథలు పెట్టి అడిగింది. నిజమైన నమ్మకం ఉన్నంత మాత్రాన తెలిసినట్టు కాదనే మొగ్గు నాలుగు చోట్లా కనిపించింది. వారెవరి చేతిలోనూ ఏ దెబ్బకూ చెదరని నిర్వచనం లేదు. అందుకే జ్ఞానాన్ని ముక్కలుగా విడదీయడం మానేసి, నమ్మకాన్నీ ఆధారాన్నీ దాని ద్వారానే వివరించాలని 2000లో తిమోతీ విలియమ్సన్ చేసిన ప్రతిపాదన నాకు సమంజసంగా తోస్తుంది. అది సంశయవాది నోరు మూయించదు గాని, నిర్వచించలేరు కనుక మీకేమీ తెలియదనే అతని వాదన నుంచి మాత్రం మనల్ని విడిపిస్తుంది.