పేరున్న తుపాను, పేరులేని వాన

2025 అక్టోబర్ చివర్లో మొంథా తుపాను వానలు పడ్డప్పుడు నేను నల్లగొండ జిల్లాలోని మా ఊళ్లోనే ఉన్నాను. వడ్లు కోసి రోడ్డు పక్కన రాశులు పోసిన రోజులవి. మా పక్కింటి పెద్దమ్మ రాశి మీద కప్పిన పట్టా ఒకచోట చిరిగి, నీళ్లు లోపలికి దిగాయి. వాన తగ్గాక పట్టా ఎత్తి చూస్తే లోపలి నుంచి ఆవిరి కొట్టింది. పిడికెడు వడ్లు తీసి నా చేతిలో పోసింది. వేడిగా ఉన్నాయి. నాలుగైదు గింజలకు తెల్లటి మొలక ముక్కు కనిపించింది.

"ఈ మొంథా ఏంది బిడ్డా? ఎవలు పెడ్తరు ఈ పేర్లు?" అని అడిగింది. థాయ్‌లాండ్ వాళ్లు ఇచ్చిన పేరు, మంచి వాసన ఉన్న పువ్వు అని అర్థమట అని చెప్పాను. కాసేపు వడ్లు నెరుపుతూ ఉండి, "మరి పోయినేడు కోదాడను ముంచిన వానకేం పేరు పెట్టిన్రు?" అంది.

దానికి పేరు లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే తుపాన్లకు పేర్లు పెట్టే పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

మొదట్లో పేర్లు పెట్టింది శాస్త్రవేత్తలు కాదు, దెబ్బ తిన్న జనమే. కరీబియన్ దీవుల్లో తుపాను ఏ క్రైస్తవ సాధువు పండగ రోజున వస్తే ఆ సాధువు పేరుతో పిలిచేవాళ్లు. ప్యూర్టో రికోలో 1876 సెప్టెంబర్ 13న ఒకటి, 1928లో సరిగ్గా అదే తేదీన ఇంకొకటి వచ్చాయి. రెండూ శాన్ ఫెలిపే తుపాన్లే అయ్యాయి. మన దగ్గరా అంతే. 1908 సెప్టెంబర్ 28న బంగాళాఖాతం నుంచి వచ్చిన వాయుగుండం మూసీని పొంగించి హైదరాబాద్‌ను ముంచినప్పుడు సుమారు 15,000 మంది చనిపోయారు. జనం దాన్ని 'తుగ్యానీ సితంబర్' అన్నారు, అంటే సెప్టెంబర్ వరద. 1977 నవంబర్ 19 నాటిది దివిసీమ ఉప్పెన. నెల పేరో ఊరి పేరో చాలు, ఆ మాట వినగానే ఎవరెవరు పోయారో గుర్తొచ్చేది.

'సైక్లోన్' అనే మాట కూడా మన సముద్రం ఒడ్డునే పుట్టింది. కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ నావికుల కోసం 1848లో రాసిన పుస్తకంలో ఆ మాట వాడాడు. పాము చుట్ట చుట్టుకున్నట్టు అనే అర్థంలో గ్రీకు నుంచి తీసుకున్నాడు. తుపాన్లకు వరసగా పేర్లు పెట్టడం మొదలుపెట్టింది ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ వాతావరణ అధికారి క్లెమెంట్ రాగీ. 19వ శతాబ్దం చివర్లో ఆయన మొదట గ్రీకు అక్షరాలు వాడాడు, తర్వాత తనకు నచ్చని రాజకీయ నాయకుల పేర్లు కూడా పెట్టాడు. ఆయన తర్వాత ఆ అలవాటు ఆగిపోయింది.

మళ్లీ అవసరం పడింది రేడియోల కాలంలో. సముద్రంలో ఒకేసారి రెండు తుపాన్లు తిరుగుతుంటే, అక్షాంశాలూ రేఖాంశాలూ చదివి ఓడలకు హెచ్చరిక పంపడంలో ఒకదాని సమాచారం ఇంకోదానికి అంటుకునేది. చిన్న పేరుంటే ఆ గందరగోళం ఉండదు. అమెరికా 1953 నుంచి అట్లాంటిక్ తుపాన్లకు ఆడవాళ్ల పేర్లు పెట్టింది. అన్నిటికీ ఆడపేర్లేనా అని మహిళా సంఘాలు ఏళ్ల తరబడి కొట్లాడాక 1979 నుంచి మగపేర్లు కూడా చేరాయి. అక్కడ ఏడాదికి 21 పేర్ల చొప్పున ఆరు జాబితాలున్నాయి, ఆరేళ్లకోసారి అవే తిరిగి వస్తాయి. కత్రినా తుపాను లాంటి ఘోరం జరిగితే ఆ పేరును తీసేస్తారు.

పసిఫిక్ పడమటి వైపు 14 దేశాలూ ప్రాంతాలూ ఇచ్చిన 140 పేర్లున్నాయి. కానీ జపాన్‌లో జనం నంబరుతోనే పిలుస్తారు. 2019లో టోక్యో చుట్టుపక్కల వరదలు తెచ్చిన హగిబిస్ వాళ్లకు '19వ నంబర్ తుపాను'. ఫిలిప్పీన్స్ తన సొంత పేరు ఇంకోటి పెట్టుకుంటుంది. హవాయిలోని అమెరికా సైనిక కేంద్రం లెక్క వేరు. అది ఇంకా అనుమానంగా ఉన్న మేఘాల గుంపుకు 90 నుంచి 99 లోపు నంబర్ ఇస్తుంది, బలపడితే 01 నుంచి మొదలయ్యే అసలు నంబర్ ఇస్తుంది. బంగాళాఖాతంలోదైతే నంబర్ చివర 'బి', అరేబియాదైతే 'ఎ' ఉంటుంది.

మన వైపు ఈ పద్ధతి ఆలస్యంగా వచ్చింది. 2000లో మస్కట్‌లో జరిగిన సమావేశంలో దేశాలు సూత్రప్రాయంగా ఒప్పుకున్నాయి. 2004లో 8 దేశాలు ఇచ్చిన 64 పేర్లతో మొదలైంది. మొదటి పేరు ఒనిల్, బంగ్లాదేశ్ ఇచ్చింది. ఆ జాబితాలో చివరి పేరు ఆంఫన్ 2020 మేలో అయిపోయింది. అప్పటికే ఇంకో 5 దేశాలు చేరడంతో 13 దేశాలు తలా 13 పేర్లిచ్చి 169 పేర్ల కొత్త జాబితా తయారుచేశాయి. పేరును ప్రకటించేది ఢిల్లీలోని మన వాతావరణ శాఖ. పేరు 8 అక్షరాలు దాటకూడదు, పలకడానికి తేలిగ్గా ఉండాలి, మతానికీ రాజకీయానికీ ఆడ మగ తేడాకూ సంబంధం ఉండకూడదు. ఒకసారి వాడితే మళ్లీ వాడరు. ఈ నియమాలు ఊరికే రాలేదు. 2013లో శ్రీలంక ఇచ్చిన 'మహాసేన్' పేరు మీద ఆ దేశంలోనే గొడవైంది. ప్రజల మేలు చూసిన రాజు పేరు విధ్వంసానికి పెడతారా అన్నారు. చివరికి దాన్ని 'వియారు' అని మార్చారు. పలకడం తేలిక అన్న నియమం మాత్రం మనకు ప్రతిసారీ కుదరదు. 2023 డిసెంబర్‌లో బాపట్ల దగ్గర తీరం దాటిన తుపానును ఒక పేపర్ మిచౌంగ్ అంటే ఇంకోటి మిగ్‌జాం అని రాసింది.

ఇక పెద్దమ్మ అడిగిన దానికి వస్తాను. అల్పపీడనం బలపడితే వాయుగుండం, ఇంకా బలపడితే తీవ్ర వాయుగుండం, ఆ తర్వాత తుపాను. పేరు వచ్చేది ఆ చివరి మెట్టు మీదే, అంటే గాలి గంటకు 62 కిలోమీటర్లు అందుకున్నాకే. అంతకు ముందు దానికి ఉండేది నంబర్ ఒక్కటే. ఈ లెక్కలో వాన ఎంత పడుతుందన్నది ఎక్కడా లేదు. సముద్రం మీద ఓడకూ, తీరంలో గుడిసెకూ గాలే ప్రాణాంతకం కాబట్టి ఈ కొలత పెట్టుకున్నారు, అది సబబే. కానీ మనం తీరానికి ఎంతో లోపల ఉన్నాం. ఇక్కడికి వచ్చేసరికి గాలి చచ్చిపోతుంది, నీళ్లు మాత్రం మిగులుతాయి.

2020 అక్టోబర్ 13న కాకినాడ దగ్గర తీరం దాటింది తీవ్ర వాయుగుండమే. ఆ రోజు బేగంపేటలో 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్ వైపు 30 దాటి వాన పడింది. హైదరాబాద్ మునిగింది. ఆ నీళ్లన్నీ మూసీలో పడి వలిగొండ మీదుగా మా వైపే వచ్చాయి. రికార్డుల్లో దాని పేరు 'బీఓబీ 02', బంగాళాఖాతం రెండు. 2009 అక్టోబర్ మొదట్లో కృష్ణా, తుంగభద్ర కలిసి పొంగి కర్నూలుతో పాటు పాలమూరులో అలంపూర్, రాజోలి ఊళ్లను ముంచినప్పుడు కూడా ఏ పేరూ లేదు. అల్పపీడనమని రేడియోలో విన్న మాటే.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది 2024. ఆగస్టు 31 రాత్రి కళింగపట్నం దగ్గర ఒక వాయుగుండం తీరం దాటింది. తెల్లారేసరికి కోదాడ వీధుల్లో కార్లు కొట్టుకుపోతున్నాయి, ఖమ్మంలో మున్నేరు ఇళ్ల మీదికి వచ్చింది, నడిగూడెం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. సరిగ్గా అదే రోజుల్లో అరేబియా సముద్రంలో అస్నా అని ఒక తుపాను ఉంది. ఆగస్టులో ఆ సముద్రంలో తుపాను రావడం 1976 తర్వాత అదే మొదటిసారి కాబట్టి వార్తల్లో బాగా నలిగింది. అది కచ్ తీరం నుంచి పడమటికి జరిగి సముద్రంలోనే బలహీనపడింది. దానికి పేరుంది, కోదాడ వానకు లేదు.

పేరు పోవడం కూడా చూశాం. 2021 సెప్టెంబర్ 26న కళింగపట్నం దగ్గరే తీరం దాటిన గులాబ్ తుపాను భూమి మీదికి రాగానే బలహీనపడి పేరు పోగొట్టుకుంది. మిగిలిన ముక్క తెలంగాణ మీదుగా వానలు కురుస్తూ పోయి, అరేబియా సముద్రంలో మళ్లీ బలపడి షాహీన్ అనే కొత్త పేరుతో ఒమన్‌ను తాకింది. ఇటు గులాబ్, అటు షాహీన్, మధ్యలో మన మీద ఉన్నప్పుడు మాత్రం ఏమీ కాదు.

అందుకే తుపాను పేరు టీవీలో రాలేదని ఊరుకోవద్దని ఊళ్లో కనిపించిన వాళ్లందరికీ చెబుతున్నాను. జిల్లాలవారీగా వచ్చే ఎల్లో, ఆరెంజ్, రెడ్ హెచ్చరికలు చూడండి. 24 గంటల్లో 20 సెంటీమీటర్లు దాటితే దాన్ని 'అత్యంత భారీ' వాన అంటారు, ఆ మాట వినబడితే అదే మనకు తుపాను.

పెద్దమ్మ ఆ వడ్లను నాలుగు రోజులు రోడ్డు మీదే ఎండబెట్టింది. తేమ 17 శాతానికి దిగితేనే కాంటా పెడతారు. మొలకెత్తినవి ఏరి కోళ్లకు పోసింది. మన వైపు తుపాన్ల జాబితాలో, మొంథా తర్వాత రెండో పేరు దిత్వా, దాని తర్వాతిది అర్నబ్, సముద్రమని అర్థం. ఆ సంగతి చెబితే, "అది వచ్చినా రాకున్నా రెండు పట్టాలు కొనుక్కొస్త" అంది.