బడి అంతటా బ్లెండెడ్ లెర్నింగ్: అపోహలు – వాస్తవాలు

ఒక ఉపాధ్యాయురాలు సొంత ఉత్సాహంతో తన తరగతిలో బ్లెండెడ్ లెర్నింగ్ (ఆన్‌లైన్ అభ్యాసాన్ని, ముఖాముఖి బోధనను కలిపిన పద్ధతి) అమలు చేయడం ఒక ఎత్తు, బడి మొత్తం ఆ పద్ధతిలోకి మారడం మరొక ఎత్తు. విద్యా సమన్వయకర్తగా ఈ మార్పును నడిపిన కాలంలో నాకు యంత్రాలతో వచ్చిన చిక్కులు తక్కువే. టైమ్ టేబుల్ వల్ల, ఉపాధ్యాయుల పనిభారం వల్ల, మేమందరం ముందే ఏర్పరచుకున్న నమ్మకాల వల్ల వచ్చినవే ఎక్కువ. ఆ నమ్మకాల్లో కొన్నింటిని, నేను స్వయంగా నమ్మి దెబ్బతిన్న వాటితో సహా, ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: ట్యాబ్‌లు, ఇంటర్నెట్ సమకూరిస్తే మార్పు మొదలైనట్లే.

వాస్తవం: పరికరాలు వచ్చిన రోజున మారేది బడి స్టాక్ రిజిస్టరు మాత్రమే. పెరూ దేశంలో ప్రతి పిల్లవాడికీ ఒక ల్యాప్‌టాప్ ఇచ్చే కార్యక్రమంపై 319 గ్రామీణ ప్రాథమిక పాఠశాలలను పరిశీలించి 2012లో వెలువరించిన అధ్యయనంలో, కంప్యూటర్ల వాడకం బాగా పెరిగినా గణితంలోనూ భాషలోనూ పిల్లల మార్కులు పెరిగాయనడానికి ఆధారం దొరకలేదు. పాఠం చెప్పే తీరు పాతదిగానే ఉన్నప్పుడు అది ఆశ్చర్యపడవలసిన సంగతి కాదు. పిల్లలు కొంత భాగాన్ని ఆన్‌లైన్‌లో తమకు వీలైన వేగంతో నేర్చుకుని, మిగిలినది ఉపాధ్యాయుల ఎదుట నేర్చుకుంటూ, ఆ రెండూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నప్పుడే దానిని బ్లెండెడ్ లెర్నింగ్ అనాలి. నల్లబల్ల మీది పాఠాన్నే తెర మీద చూపించడానికి ఆ పేరు చెల్లదు.

అపోహ: పద్ధతి మంచిదైతే ఉన్న టైమ్ టేబుల్‌లోనే ఇమిడిపోతుంది.

వాస్తవం: నేను చేసిన అతి పెద్ద పొరపాటు ఇదే. స్టేషన్ రొటేషన్ పద్ధతిలో తరగతిని మూడు జట్లుగా విడదీసి, ఒక జట్టు ట్యాబ్‌ల మీద అభ్యాసం చేస్తుండగా, రెండవది ఉపాధ్యాయురాలి ఎదుట కూర్చుని నేర్చుకుంటూ, మూడవది కలిసి రాతపని చేసుకుంటూ, వంతుల వారీగా చోట్లు మారాలి. 40 నిమిషాల పీరియడ్‌లో ఒక్కొక్క వంతుకు 12 నిమిషాలు పోగా, చోట్లు మారడానికి 4 నిమిషాలు మిగులుతాయని కాగితం మీద లెక్క వేశాను. మొదటి రోజు ఆరవ తరగతిలో వెనుక బెంచీ మీద కూర్చుని గడియారం చూస్తూ ఉన్నాను. పాస్‌వర్డ్‌లు మరిచిపోయిన పిల్లలు లాగిన్ అయ్యేసరికే 9 నిమిషాలు గడిచిపోయాయి, మూడవ జట్టుకు ఉపాధ్యాయురాలి దగ్గర కూర్చునే వంతు రాకముందే గంట కొట్టారు. ఆమె నేర్పులో లోపమేమీ లేదు, నేనిచ్చిన సమయమే చాలలేదు.

ఆ తరువాత వారానికి రెండు రోజులు గణితానికి రెండు పీరియడ్లు కలిపి 80 నిమిషాలు కేటాయించాము. లాగిన్ చీటీలను ఒక డబ్బాలో ఉంచి, మొదట్లో పంచి, చివర్లో వెనక్కి తీసుకోవడం అలవాటు చేశాము. ఈ సర్దుబాటుకు ఇతర సబ్జెక్టుల వారిని ఒప్పించడానికి పట్టిన కాలం, ఉపాధ్యాయుల శిక్షణకు పట్టిన కాలం కన్నా ఎక్కువ. టైమ్ టేబుల్‌పై చివరి మాట ప్రధానోపాధ్యాయులదే కనుక, వారు పూనుకోని చోట ఈ పద్ధతి ఒకరిద్దరి తరగతి గదులు దాటి రాదు.

అపోహ: వీడియో పాఠాలు వస్తే ఉపాధ్యాయుల అవసరం తగ్గుతుంది.

వాస్తవం: అవసరం తగ్గదు, చేయవలసిన పని మారుతుంది. భిన్నాల కూడికపై ఆన్‌లైన్ అభ్యాసంలో 1/2 + 1/3 ఎంత అన్న ప్రశ్నకు 36 మందిలో 14 మంది 2/5 అని జవాబిచ్చినట్లు ఒకనాడు తెర చూపింది. లవాలను లవాలతో, హారాలను హారాలతో కూడేశారని చూడగానే తెలుస్తుంది. అయితే 2/5 అనేది సగం కన్నా చిన్నదనీ, సగానికి మరికొంత కలిపాక జవాబు సగం కన్నా తగ్గడం కుదరదనీ పిల్లల చేతనే అనిపించడం యాప్ వల్ల కాలేదు. ఉపాధ్యాయురాలు ఆ 14 మందిని చుట్టూ కూర్చోబెట్టుకుని, కాగితపు పట్టీలు మడతపెట్టించి, పక్కపక్కన పెట్టించి, ఆ మాట వారి నోటి నుంచే రాబట్టారు. మిగిలిన పిల్లలు అప్పుడు తమ పని తాము చేసుకుంటున్నారు కనుకనే ఆమెకు ఆ వ్యవధి దొరికింది.

వీడియోల నిడివి గురించి ఒక మాట. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదిక కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించిన 2014 నాటి అధ్యయనంలో, వీడియో ఎంత పొడవున్నా కనీసం సగం వీక్షణలు 6 నిమిషాలకు మించి సాగలేదు. అయినా 40 నిమిషాల పాఠాన్ని ఏకబిగిన రికార్డు చేసి పంపే అలవాటు మన బడులను ఇంకా వదలలేదు.

అపోహ: ఈ తరం పిల్లలకు ఇవన్నీ పుట్టుకతోనే వచ్చు.

వాస్తవం: ఫోన్‌లో ఆటలాడటం వేరు, వీడియోను ఆపి నోట్సు రాసుకోవడం వేరు. రెండవది నేర్పితేనే వస్తుంది.

అపోహ: అందరూ ఒకేసారి మారాలి, వెనుకాడేవారు మార్పుకు వ్యతిరేకులు.

వాస్తవం: కొత్త పద్ధతులు సమాజంలో వ్యాపించే తీరును వివరిస్తూ ఎవరెట్ రోజర్స్ 1962లో ప్రతిపాదించిన వర్గీకరణ ప్రకారం ముందుగా అందుకునేవారు, అంటే అందరికన్నా మొదట ప్రయత్నించేవారూ వారి వెంటనే అందుకునేవారూ, రెండు వర్గాలూ కలిపి 16 శాతమే. మిగిలినవారు తమ వంటివారికి అది పనికివచ్చిందని చూశాకే కదులుతారు. అందువల్ల ఒక తరగతితోనో ఒక సబ్జెక్టుతోనో మొదలుపెట్టి, ఆ తరగతి తలుపులు తోటి ఉపాధ్యాయులకు తెరిచి ఉంచడమే మేలని నా అభిప్రాయం. వెనుకాడే వారిలో చాలామందికి సరైన కారణమే ఉంటుంది. మా స్టాఫ్ మీటింగులో అందరికన్నా సీనియర్ అయిన ఒక ఉపాధ్యాయుడు, "పాఠ్య ప్రణాళిక చేత్తోనూ రాయాలి, ఆన్‌లైన్‌లోనూ పెట్టాలి అంటున్నారు, రెండింటిలో దేనిని చదువుతారు సార్?" అని అడిగారు. నిజానికి మేము రెండూ చదవడం లేదు. చేతిరాత ప్రణాళికను ఆ వారమే రద్దు చేశాక, మరుసటి నెలలో తన తరగతిని చూడటానికి రమ్మని ఆయనే పిలిచారు.

అపోహ: బ్లెండెడ్ లెర్నింగ్ మేలైనదని పరిశోధన తేల్చేసింది.

వాస్తవం: అమెరికా విద్యాశాఖ 2009లో వెలువరించిన సమీక్షలో ముఖాముఖి బోధన ఒక్కటే ఉన్నచోటి కన్నా రెండూ కలిపినచోట ఫలితాలు మెరుగ్గా ఉన్న మాట నిజమే. అయితే అటువంటి చోట్ల పిల్లలకు అదనపు సమయం, అదనపు సామగ్రి కూడా తరచుగా లభించాయనీ, కనుక ఆ మెరుగుదలను ఆన్‌లైన్ మాధ్యమానికే ఆపాదించరాదనీ ఆ సమీక్షే హెచ్చరించింది. పైగా అందులోని అధ్యయనాల్లో ఎక్కువ భాగం పాఠశాల వయసు దాటిన వారిపై జరిగినవి. అందుకే తల్లిదండ్రుల సమావేశంలో మార్కులు పెరుగుతాయని మేము హామీ ఇవ్వలేదు. దానికి బదులు ప్రతి శుక్రవారం ఒక పీరియడ్ ఉపాధ్యాయులందరికీ ఉమ్మడిగా ఖాళీ ఉండేలా చూసి, ఆ వారం ఎక్కువమంది తప్పు చేసిన ప్రశ్న ఏదో, సోమవారం దానిని ఎవరు, ఏ పిల్లలకు, ఏ విధంగా మళ్ళీ చెబుతారో తేల్చుకున్నాకే మీటింగు ముగించేవాళ్ళం.