పెక్ గెలిచారు, కోర్టులకు కత్తెర పడింది

అమెరికా ఫెడరల్ జడ్జి జేమ్స్ బోస్‌బెర్గ్‌ను అభిశంసించాలన్న గొడవ వచ్చినప్పుడల్లా అందరూ 1805 నాటి శామ్యూల్ ఛేజ్ కేసునే తవ్వుతున్నారు. ఆయన సుప్రీంకోర్టు జడ్జి, అభిశంసనకు గురైనా సెనేట్‌లో బయటపడ్డారు. ఆ కథ తెలిసిందే. కానీ 2025 ఏప్రిల్‌లో బోస్‌బెర్గ్ లేవనెత్తింది కోర్టు ధిక్కారం. అలాంటప్పుడు చూడాల్సింది మిస్సోరీ జిల్లా జడ్జి జేమ్స్ పెక్ కేసు. ధిక్కారం కింద శిక్ష వేసినందుకే ఆయన అభిశంసన దాకా వెళ్లారు.

పెక్ 1822లో జడ్జి అయ్యారు. స్పెయిన్ హయాంలో ఇచ్చిన భూములు ఎవరికి చెందుతాయో తేల్చడం అక్కడ పెద్ద పని. సూలార్ అనే ఆయన వారసుల భూమి క్లెయిము కొట్టేసి, 1826 మార్చిలో ఆ తీర్పును పేపర్లో వేయించారు. జడ్జే పేపరుకెక్కితే అవతలివాళ్లు ఊరుకుంటారా? వారసుల లాయరు ల్యూక్ లాలెస్ ఏప్రిల్ 8న ఇంకో పేపర్లో ‘ఒక పౌరుడు’ పేరుతో తీర్పులో 18 తప్పులున్నాయంటూ వరసగా రాశారు. పెక్ ఆ పేపరు వాళ్లకు నోటీసిచ్చి, రాసిందెవరో రాబట్టారు. లాలెస్‌కు ఒక రోజు జైలు, 18 నెలలపాటు ఆ కోర్టులో వాదించకుండా వేటు. అభియోగం, విచారణ, శిక్ష అన్నీ ఒక్కరి చేతిలోనే, జ్యూరీ లేదు. పైగా 1789 చట్టం ధిక్కారానికి చెప్పిన శిక్షలు జరిమానా, జైలు మాత్రమే. ప్రాక్టీసు ఆపించడం అందులో లేదు.

అలాంటి క్లెయిములు ఇంకా పెండింగులో ఉన్నాయని, ఆ వ్యాసం వాటిని దెబ్బతీస్తుందని పెక్ అన్నారు.

1830 ఏప్రిల్‌లో ప్రతినిధుల సభ 123–49 ఓట్లతో అభిశంసించింది. సెనేట్‌లో సభ తరఫున వాదన నడిపింది జేమ్స్ బుకానన్, తర్వాత అధ్యక్షుడైన ఆయనే. 1831 జనవరి 31న దోషి అన్నవారు 21 మంది, కాదన్నవారు 22. శిక్షకు మూడింట రెండొంతులు, అంటే 29 కావాలి. పెక్ పదవి దక్కింది.

అసలు మలుపు ఇక్కడ కాదు, మార్చి 2న. కాంగ్రెస్ కొత్త చట్టం చేసి, ధిక్కారానికి అప్పటికప్పుడు శిక్షించే అధికారాన్ని మూడింటికి కుదించింది: కోర్టు ఎదుట గానీ, న్యాయపాలనకు అడ్డయ్యేంత దగ్గరలో గానీ అనుచిత ప్రవర్తన, కోర్టు సిబ్బంది తప్పులు, ఉత్తర్వుల ఉల్లంఘన. పేపర్లో రాస్తే జైలన్నది పోయింది.

పోయిందనుకున్నారు గానీ, ‘దగ్గరలో’ అన్న మాటలో సందు మిగిలింది. 1918లో టొలీడో పేపరు కేసులో సుప్రీంకోర్టు దూరం లెక్క కాదు, ప్రభావమే లెక్క అంది. పేపర్లు మళ్లీ ఇరుక్కున్నాయి. 1941లో నై కేసులో సుప్రీంకోర్టే దాన్ని కొట్టేసింది. చదువురాని ముసలాయనకు మద్యం పట్టించి, ఆయన కేసును వెనక్కి తీయించారు. మోసమే. కానీ జరిగింది కోర్టుకు వంద మైళ్ల పైన దూరంలో. దగ్గర అంటే దూరం ప్రకారం దగ్గరేనని తేల్చారు.

మూడోదాన్ని, అంటే ఉత్తర్వుల ఉల్లంఘనను, కాంగ్రెస్ 1831లో కావాలనే ఉంచింది. ఇప్పుడది అమెరికా చట్టాల సంకలనంలో 18వ టైటిల్ 401వ సెక్షన్‌లో ఉంది. వలసదారుల్ని ఎల్ సాల్వడార్‌కు తరలించొద్దన్న ఉత్తర్వును అధికారులు బేఖాతరు చేశారా అన్న విషయంలో బోస్‌బెర్గ్ కదిపింది ఆ అధికారాన్నే.